ఒకటో వరుసలో ఫొటో

పన్నెండు ఫొటోలూ ఒకే కొలతకు తేవాలి. ఒక్కోదాన్నీ దాని పేరు పక్క గడిలో కూర్చోబెట్టాలి. గడితో పాటే కదిలేలా కట్టేయాలి. లేకుంటే వరుస మార్చినప్పుడు పేరు ఒకచోటికీ, మొహం ఇంకోచోటికీ పోతాయి. మధ్యాహ్నానికి ప్రింటు తీసి అన్న చేతికివ్వాలి. ఎందుకని అడగకూడదు.

మునెయ్యకు ఇదంతా అరగంట పని. లింగాలలో గొర్రెలు కాసుకునే ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివింది అతనే. అన్న నడిపే జమ్మలమడుగు పార్టీ ఆఫీసులో ఆరేళ్లుగా ఎక్సెల్ తెలిసిన మనిషి కూడా అతనొక్కడే.

కానీ ఒకటో వరుస దగ్గరే చెయ్యి ఆగిపోయింది. షేక్ జియావుల్లా. అన్న జీపు డ్రైవరు. వచ్చి రెండేళ్లు కాలేదు.

మునెయ్య పేరు ఆ పన్నెండింటిలో ఎక్కడా లేదు.

మార్కెట్ యార్డు కమిటీ వేస్తారని ఊరంతా అనుకుంటున్నారు. ఇది అదే, అనుమానం లేదు. ప్రొద్దుటూరు రోడ్డు మీద గొడవ జరిగినప్పటి నుంచి అన్న గడప దాటడం లేదు. జియావుల్లాను మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తింటున్నాడు. భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతున్నాడు. నిన్న వాడికి కొత్త చొక్కా కూడా తెప్పించాడు. ఈ పొద్దున వాడి పెండ్లాం గులాబ్‌బీ వచ్చి అన్న కాళ్ల మీద పడి ఏడ్చింది. సంతోషం పట్టలేక కాబోలు. పోయేటప్పుడు ఆటోలో రెండు బియ్యం మూటలు వేయించారు.

ఆరేళ్లలో మునెయ్యకు దక్కింది పార్టీ గుర్తు వేసిన గోడ గడియారం ఒక్కటే.

జియావుల్లా ఫొటో మీద నొక్కి డిలీట్ కొట్టాడు. తన ఫొటో తెచ్చి అక్కడ పెట్టాడు. మూలలు పట్టి లాగి గడికి సరిగ్గా సరిపెట్టాడు. పేరు మార్చాడు. కట్టేశాడు. ఇక ఎన్నిసార్లు వరుస మార్చినా ఆ మొహం ఆ పేరును వదలదు.

అన్న కాగితం చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏంరా మునెయ్యా, జియా యాడ?"

"వానికంటే ముందు నుంచి ఈడ ఉండేది నేను కదన్నా." ఒకటో వరుస మీద వేలు పెట్టాడు. "ఆ జాగా నాది."

"నీ అంతట నువ్వే ఎక్కించుకున్నావా?"

"అవునన్నా."

"ఇంట్లో చెప్పినావా?"

"చెప్తాలేన్నా. మా యమ్మ శానా సంతోషపడుతుంది."

అన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి వచ్చి మునెయ్యను గట్టిగా కావలించుకున్నాడు.

"నీ అట్లాంటి మనిషి దొరకడురా. మీ యమ్మకు నేనుండా. ఆమెకేం తక్కువ కానీను."

అమ్మ సంగతి కూడా! మునెయ్యకు ఒళ్లు పొంగింది.

వరండాలో జియావుల్లా ఎదురొచ్చాడు. అప్పటికే సంగతి తెలిసినట్టుంది. మునెయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"ఎందుకన్నా ఇట్ల చేసినావు?"

ఏడవనీ, అనుకున్నాడు మునెయ్య. ఆరేళ్లు తను ఏడవలేదా?

"కుళ్లుకోవద్దులే జియా," అన్నాడు దర్జాగా. "నీకూ ఒక రోజు వస్తుంది."

మూడు గంటలకు జీపు సిద్ధమైంది. జియావుల్లాకు తెచ్చిన కొత్త చొక్కా మునెయ్యకు కాస్త వదులైంది. అయినా అదే తొడుక్కుని ముందు సీట్లో కూర్చున్నాడు.

ప్రొద్దుటూరు రోడ్డు మీద జరిగిన హత్యకు వర్గం తరఫున లొంగిపోవాల్సిన వాళ్ల జాబితాలో మొదటి ముద్దాయిగా తన ఫొటో తానే అతికించుకుని కడప జైలుకు పోయిన మునెయ్యను, మీరు ఎక్సెల్ గడిలో ఫొటో పెట్టేటప్పుడు ఒక్కసారి తలుచుకోండి.