ఒక్క చేతి బండి

“చెయ్యి తియ్యి. వేలిముద్రలు పడతాయి.”

ఆవిడ బానెట్ మీంచి చెయ్యి తీసేసింది. ఆయన పసుపు గుడ్డతో అక్కడ రెండుసార్లు తుడిచి, మళ్ళీ టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ముప్పై రెండు పాయింట్లు ఉండాల్సిన గాలి ముప్పై ఒకటే చూపిస్తోంది. ఆ ఒక్క పాయింటు కోసం నిన్న గాలి కొట్టినవాడి వంశాన్నంతా తలుచుకుని, ఇంట్లోంచి కాలి పంపు తెచ్చి నింపాడు.

సర్వే ఆఫీసులో సూపరింటెండెంటాయన. వీధిలో అందరూ గేజీగారంటారు, చాటున లెండి. జేబులో కళ్ళజోడు ఉన్నా లేకపోయినా టైర్లలో గాలి చూసే గేజీ మాత్రం ఉంటుంది. బయల్దేరే ముందు ఇంజనాయిలు పుల్ల తీసి చూడాలి, రేడియేటర్లో నీళ్ళు చూడాలి, బ్రేకాయిలు చూడాలి, లైట్లు వేసి గోడ మీద వెలుతురు చూడాలి. ఇందులో ఏ ఒక్కటి మానినా బండి గేటు దాటదు. తప్పుపట్టడానికేం లేదు, పదకొండేళ్ళలో ఆ కారు దారిలో ఒక్కసారి ఆగి ఎరగదు. బండిగల మనిషికే, బీపీ చూపించుకోమని ఆఫీసు డాక్టరు రెండేళ్ళుగా మొత్తుకుంటున్నా తీరిక దొరకలేదు.

ఒక్క చేతి మీద నడిచిన బండి అని ఆయన గర్వం. ట్రయల్ చూడాలంటే మెకానిక్ పక్కన కూర్చుని చెవులు రిక్కించుకోవాల్సిందే తప్ప స్టీరింగ్ దొరకదు. ఇక పెళ్ళాం సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగేళ్ళ కిందట నేర్పించమని ఆవిడ నోరు తెరిచి అడిగితే, ఆ మెకానిక్ ముందే నవ్వేశాడు.

“పొయ్యి ఆపడం మర్చిపోయేదానివి, నీ కాలికిందికి క్లచ్చిస్తే ఇంకేమైనా ఉందా?”

మెకానిక్ కూడా నవ్వాడు. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కొన్నాళ్ళకి కుట్టు క్లాసని చెప్పి రోజూ రెండు నెలలపాటు వెళ్ళొచ్చింది. అంత నేర్చుకుని, ఈరోజుకీ ఆయన చొక్కాకి ఒక్క బొత్తాం కుట్టిన పాపాన పోలేదు. అదీ ఆయన నలుగురిలో చెప్పి నవ్వించే ముచ్చటే.

ఆ రోజు ప్రయాణం ఆవిడ అక్కగారింటికి. ఊరు దాటి బైపాస్ ఎక్కారు. ముందున్న వ్యాను నెమ్మదించగానే ఆవిడ రెండు పాదాలూ కింద నేలను నొక్కాయి. అక్కడ నువ్వు తొక్కితే ఇక్కడ బండి ఆగదని ఆయన వెక్కిరించాడు. ఆవిడ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

నలభై కిలోమీటర్లు దాటాక ఆయన కుడిచెయ్యి స్టీరింగ్ మీంచి జారింది. తిమ్మిరెక్కిందనుకున్నాడు. ఎత్తి మళ్ళీ పెట్టబోతే అది తనది కానట్టు ఒళ్ళో పడింది. కుడికాలూ అంతే. ఎడమచేత్తోనే బండిని పక్కకు తిప్పి, హ్యాండ్‌బ్రేకు లాగి, నాలుగు ఇండికేటర్లూ వేశాడు. గేరులోనే ఉన్న ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. చావు ముంచుకొస్తున్నా పద్ధతి తప్పలేదు మహానుభావుడు.

ఆవిడ ఒక్క ఉదుటున దిగి ఇటు వచ్చింది. తలుపు తీసి, బెల్టు విప్పి, భుజాలు పట్టుకుని ఆయన్ని పక్క సీటు వైపు జరపబోయింది. ఆ తొందరలో ఆవిడ చెయ్యి స్టీరింగ్ మీద పడింది.

“ముట్టుకోకు.”

మాట ముద్దముద్దగా వచ్చింది గానీ అర్థమయ్యేలాగే వచ్చింది. ఆవిడ ఆగింది. ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి చెయ్యి తీసేసింది. తలుపు వేసి, తన సీట్లోకి వెళ్ళి కూర్చుని అంబులెన్సుకి ఫోన్ చేసింది. దగ్గర్లో ఏదీ లేదట, వేరే ఊరి నుంచి రావాలట. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వంక చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి ఆయనకు భయం పట్టుకుంది. పెద్దాసుపత్రి పద్నాలుగు కిలోమీటర్లని బోర్డు కళ్ళెదుటే ఉంది. బండి నిక్షేపంలా ఉంది, ట్యాంకు నిండా పెట్రోలుంది, నాలుగు చక్రాల్లోనూ గాలి సరిగ్గా ఉంది. నడిపే మనిషే లేడు. దీనికి నేర్పించి ఉంటే బాగుండేదే అని పదకొండేళ్ళలో మొదటిసారి అనిపించింది. ఆ మాటే చెబుదామంటే ఈసారి నోరు తిరగలేదు. అంబులెన్సు వచ్చేసరికి గంటన్నర పట్టింది.

ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు. ఒక గంట ముందు తీసుకొచ్చి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదని, ఆయన వింటూండగానే డాక్టరు ఆవిడతో అన్నాడు. ఆవిడ తల దించుకుంది. ఆవిణ్ణి చూస్తే ఆయనకు జాలేసింది. పాపం, దాని తప్పేముంది, నేర్పనిది తను. పది రోజులు ఆసుపత్రి పైకప్పు చూస్తూ తన నోటినీ తన బుద్ధినీ తనే తిట్టుకున్నాడు.

పదకొండో రోజున ఇంటికి వెళ్ళొచ్చన్నారు. అప్పటికి కూడదీసుకుని నాలుగు మాటలు పలకడం వచ్చింది. చెంచాతో మందు పట్టిస్తున్న ఆవిడ చెయ్యి ఎడమచేత్తో పట్టుకున్నాడు.

“నీకు... నేర్పించాల్సింది. తప్పు... నాదే.”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆవిడ తువ్వాలుతో ఆయన మూతి తుడిచింది.

అప్పుడు ఆయనకు కారు గుర్తొచ్చింది. రోడ్డు పక్కన ఎండలో ఏమైపోయిందోనని, బ్యాటరీ చచ్చిపోయి ఉంటుందని గిలగిల్లాడిపోయాడు. కిందే ఉందనీ, ఇంటికి అందులోనే వెళ్దామనీ ఆవిడ చెప్పింది.

“ఎవరు... తెచ్చారు? మెకానిక్కా?”

“నేనే తెచ్చానండీ.”

ఆయన తెల్లబోయి చూశాడు. ఆవిడ చెంచా కడిగి బల్ల మీద పెట్టింది.

“లైసెన్సొచ్చి మూడేళ్ళయింది.”