తడి తువ్వాలు

మా చిన్నకోడలు ధనలక్ష్మి పాశమైలారం రసాయనాల కంపెనీలో రెండో షిఫ్టుకు పోవడానికి సంచి సర్దుకుంటోంది. అంతలో మా ఆయన మళ్లీ తడి తువ్వాలు తెచ్చి అందులో కుక్కాడు. కంపెనీ కార్డు నానిపోయింది.

“అత్తమ్మా, నీ మొగని పని సూడు! మతి లేదంటవు, నా సంచి మాత్రం మంచిగ యాదుంటది. రేపు ఆయనను ఆశ్రమంల ఇడిసి రాకుంటే నేనే తల్లిగారింటికి పోత!”

“సిగ్గుండాలె, కోడలి సంచి ముట్టనీకి!” అని నేనూ తిట్టాను.

ఆమె తువ్వాలును ఆయన మీదికి విసిరింది. ఆయన దానితో ఆమె ముక్కూ నోరూ అదిమిపట్టాడు.

ఆమె విదిలించుకుంది. “సంపుతున్నడు!”

ఆయన చెయ్యి మీద గట్టిగా కొట్టాను.

“గ్యాసొస్తే గిట్ల కట్టుకోవాలె బిడ్డా,” అన్నాడు. “శంకర్‌గాడు మరిశిపోయిండు. నువ్వు మరువకు.”

మళ్లీ ఎత్తిన చెయ్యి దించుకున్నాను. ధనలక్ష్మి తువ్వాలును పిండి, కవరులో చుట్టి, సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

మా పెద్దకొడుకు శివశంకర్ పదకొండేళ్ల కిందట, ఆగస్టులో ఒక మంగళవారం, తువ్వాలును దండెం మీదే మరిచి రెండో షిఫ్టుకు పోయాడు. తిరిగి రాలేదు.