పొద వెనక బంగారం

"రా బంగారం, ఎవరూ లేరులే."

పార్కులో పొద వెనక నుంచి భర్త గొంతు వినిపించగానే టిక్కెట్ కలెక్టరమ్మ ఆగిపోయింది. సాయంత్రం నడకకి ఆయన రోజూ ఉడకబెట్టిన గుడ్డెందుకు పట్టుకెళ్తాడో తేల్చుకుందామనే వెనకాలే వచ్చింది.

"ఎవరండీ ఆ బంగారం?"

"మెల్లగా కూర్చో. బెదురుతుంది."

పొదలోంచి ముంగిస వచ్చింది. గుడ్డు ముట్టకుండా, వెనక కాళ్లమీద లేచి ఆమెను ఎగాదిగా చూసింది. టిక్కెట్ లేనివాళ్లను ఆమె చూసే చూపే అది.

"నాతో చెప్పలేదేం?"

"చెబితే నమ్మేదానివా?"

ముంగిస ఇంకా చూస్తూనే ఉంది.

"ఏమిటా చూపు?"

"కొత్తవాళ్లంటే అనుమానం దానికి. వారంలో నమ్ముతుంది."

"వారమేనా," అంటూ ఆమె గడ్డిమీద చతికిలబడింది. "నాకు పాతికేళ్లు చాల్లేదు."