రెండో మిషన్ తీగ

"ఉద్యోగం పీకేస్తారంటావా? పోలీసుల్ని కూడా పిలుస్తారేమోనే!"

"అబ్బా, కాసేపు ఊరుకో అమ్మా."

తల్లి ఊరుకునే రకం కాదు. ఇంట్లో ఎవరైనా రెండుసార్లు తుమ్మితే అంబులెన్స్ నంబరు వెతికే మనిషి. ఇద్దరూ మేనేజరు గది బయట నిలబడి ఉన్నారు. ఆ ఆఫీసులో ఆమెది తుడిచే పని. కూతురిది కంప్యూటర్ మిషన్లు చూసుకునే పని.

ఒక ఆస్పత్రి రిపోర్టులన్నీ అక్కడే ఉంటాయి. ప్రతిదానికీ మూడు మిషన్లలో మూడు నకళ్ళు. నిన్న పొద్దున ఒక మిషన్ చెడిపోయింది. మిగిలిన రెండింట్లోంచి కొత్తదానిలోకి నకలు ఎక్కుతుండగా, మధ్యలో రెండోదాని కరెంటు తీగ ఊడింది. పని బరువంతా ఒక్కదానిమీదే పడి మూడోదీ చతికిలబడింది. సగం రోజు ఆస్పత్రికి ఒక్క రిపోర్టూ అందలేదు. రెండు ఆపరేషన్లు వాయిదా పడ్డాయి.

ఆ వేళ డ్యూటీ కూతురిదే.

మేనేజరు ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. "తీగ దానంతటది ఊడదు. ఎవరు లాగారు?"

కూతురు తల వంచుకుంది.

తల్లి ఒక అడుగు ముందుకేసింది. అంతా తన వల్లే.

"నేనే బాబూ," అంది. "దుమ్ము పీల్చే మిషన్‌కి ప్లగ్గు దొరక్క అది లాగాను."

"బుద్ధుందా మీకు? ఆ గదిలో ఏదీ ముట్టుకోవద్దని మీ అమ్మాయి చెప్పలేదూ?"

"లక్షసార్లు చెప్పింది. నాదే మాయదారి బుర్ర. ఆ ఆపరేషన్ల వాళ్ళు బాగానే ఉన్నారా బాబూ?"

"ఉన్నార్లెండి. మీరు మాత్రం రేపట్నుంచి రావద్దు."

ఆమె మెడలో కార్డు తీసి బల్లమీద పెట్టింది.

మేనేజరు కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమైనా చెప్పేదుందా?"

"దానికేం తెలుసు బాబూ, పిచ్చిమొహం! పదవే, పద." తల్లి చెయ్యి పట్టి లాగింది.

కూతురు కదల్లేదు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. తల్లి మళ్ళీ లాగింది. కూతురు తలెత్తింది.

"నిన్న అమ్మ జ్వరంతో ఇంట్లోనే ఉంది సార్, 'తిన్నావా, జాగ్రత్త' అంటూ నాలుగోసారి ఫోన్ చేస్తే, విసుక్కుంటూ, చెడిపోయినదాని తీగనుకుని పక్కదాని తీగ లాగేసింది నేను."