నిండుకుంది

మా వంటింట్లో డబ్బాలన్నీ మాట్లాడతాయి. మొదట్లో బియ్యం డబ్బా శుక్రవారం పొద్దున్నే "బియ్యం అయిపోయాయి" అనేది. ఆ మాట వినలేక ఊళ్ళో ఆడవాళ్ళంతా డబ్బాలు వాపసు పంపారు. కంపెనీవాళ్ళు దిగొచ్చి, మన ఇళ్ళల్లో అనే మాటే దానికి నేర్పారు, "నిండుకున్నాయి" అని. లోపలున్నది కనిపిస్తే దిష్టి తగులుతుందని గాజు మూత కూడా తీసేసి రేకు మూత పెట్టారు.

నాకు బాగానే ఉంది. పుణెలో పుట్టి పెరిగిన మా ఆయనకే తంటా. నిండుకున్నాయంటే నిండుగా ఉన్నాయనుకుని రెండుసార్లు సరుకులు వద్దని చెప్పేశారు. ఫిర్యాదు చేస్తే, ఇకనుంచి ఎవరికి తెలిసిన అర్థంలో వాళ్ళకి చెబుతుందన్నారు.

ఇవాళ ఇద్దరం కాఫీ తాగుతుంటే ఆయన మందుల డబ్బా, "ఇన్సులిన్ నిండుకుంది" అంది.

"హమ్మయ్య" అన్నారాయన.

"ఎవరితో అన్నావు, నాతోనా, ఆయనతోనా?" అని డబ్బాని అడిగాను.

"ఇద్దరితోనూ అమ్మా."

"అసలు ఉందా, లేదా?"

"లేదన్న మాట ఇంట్లో అనకూడదమ్మా."

డోసు వేళకి తప్ప దాని మూత తెరుచుకోదు. ఆ వేళకి ఇంకా గంటే ఉంది. ఎందుకైనా మంచిదని మందుల షాపుకి ఫోన్ చేశాను. అక్కడా మెషీనే ఎత్తింది. ఇన్సులిన్ ఉందా అని అడిగితే, "నిండుకుందండీ" అంది మర్యాదగా.

స్పీకర్లో ఆ మాట విని మా ఆయన, ఇంకొకటి తెచ్చి పెట్టుకుందామంటూ నిశ్చింతగా సంచీ తీసుకుని షాపుకి బయల్దేరారు. నోటిదాకా వచ్చిన పిలుపుని మింగేసి గుమ్మంలోనే నిలబడిపోయాను. వెళ్ళేవాళ్ళని వెనక్కి పిలవకూడదు కదా.