వీడియోలో నవ్వే మాస్టారు

లెక్కల మాస్టారు బోర్డు మీద త్రిభుజం గీయబోతుంటే, ముందు బెంచీలోని అమ్మాయి లేచి నిలబడింది.

"ఏమీ అనుకోకండి సార్. ఈ పాఠానికి కూడా మీ పాత వీడియోనే పెట్టేయండి."

"అందులో చెప్పేదీ నేనేగా అమ్మా?"

"మీరే సార్. కానీ అందులో ఎంత హుషారుగా నవ్వుతూ చెబుతారో! చూస్తుంటే మాకూ లెక్కలు చేయాలనిపిస్తుంది."

క్లాసంతా అవునంది. మాస్టారికి కోపం రాలేదు, బాధా కలగలేదు. సుద్దముక్క పక్కన పెట్టి, తెర దించి, వీడియో నడిపించారు. తాను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు.

పాఠం చివర తెరమీది మాస్టారు నవ్వారు. కనబడని ఆడగొంతు ఒకటి, "బావుంది. ఇక ఆపేయనా?" అని అడిగింది.

"ఆవిడెవరు సార్?"

"మా ఆవిడమ్మా. ఎదురుగా ఫోను పట్టుకుని తనే తీసేది. నేను నవ్వకపోతే మళ్లీ మొదటినుంచీ చెప్పించేది, ఉన్నన్నాళ్లూ," అన్నారు మాస్టారు, హాజరు పిలిచినంత మామూలుగా.