మూత మీద ఫిర్యాదు

నెల మొదటి సోమవారం. ఆఫీసు తలుపు తీసీ తీయగానే మూతల తాతయ్య కాగితం బల్ల మీదికి వచ్చేసింది.

"మా వీధి చెత్తడబ్బా మూత సరిగా పట్టడం లేదు."

కింద మెలికలు తిరిగిన సంతకం. దాని కింద రెండు చుక్కలు.

జనం భద్రతకీ, కాలుష్యానికీ సంబంధించిన తనిఖీలు చేయడం ఇన్‌స్పెక్టరమ్మ ఉద్యోగం. ఈ మూతలతో ఆమెకి తల ప్రాణం తోకకొస్తోంది. పోయిన నెల మురుగుకాలువ మూత. అంతకుముందు నీళ్ళ తొట్టి మూత. ఊళ్ళో మూతలన్నీ ఈయన నెత్తి మీదే ఉన్నట్టు!

అలాగని చింపి పారేయడానికి లేదు. ఫిర్యాదు ఎలాంటిదైనా వారంలోగా ఇన్‌స్పెక్టరు స్వయంగా వెళ్ళి చూసి రావాలి. అది మున్సిపల్ కౌన్సిల్ పద్ధతి.

వెళ్ళింది. మూతని బొటనవేలితో నొక్కింది. టక్కున పట్టింది.

తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచినీళ్ళ గ్లాసుతో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ముఖంలో సిగ్గూ లేదు, బిడియమూ లేదు. ఎప్పటిలాగే ఆమెని వీధి చివరిదాకా నడిపించుకెళ్ళాడు. అక్కడ రసాయనాల డ్రమ్ములు కడిగే షెడ్డు ఉంది. దాని పక్కనే చిన్నపిల్లల బడి. ఆమె యూనిఫాం కనబడగానే షెడ్డు యజమాని నవ్వుతూ నమస్కారం పెట్టాడు. లోపల నేల తళతళలాడుతోంది. కాలువలో నీళ్ళూ తేటగానే ఉన్నాయి.

చిరాకు సంగతి అటుంచి, ఆమెకి అసలు విషయం తెలుసుకోవాలని మహా కుతూహలంగా ఉంది. ఉండబట్టలేక అడిగేసింది.

"తాతగారూ, నిజం చెప్పండి. ఏమిటి మీకీ మూతల గోల?"

"నువ్వొచ్చి వెళ్తే వీధికి మంచిదమ్మా. వచ్చే నెల కూడా రా."

"మూత బాగానే ఉంటే ఎందుకు రావడం?"

"బాగుండదులే," అన్నాడాయన.

ఆ మాట దారి పొడుగునా ఆమెని తొలిచేసింది. చాదస్తమా? ఒంటరితనమా? లేక ఇంకేదైనా ఉందా?

నెలాఖరున కౌన్సిల్ కమిటీ కూర్చుంది. ఏ వీధి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తనిఖీలు జరిగాయో చూడటం ఆ కమిటీ పని. మూతల జాబితా చదువుతుంటే సభ్యులు పడీ పడీ నవ్వారు. నీకు వేరే పనేం లేదా అమ్మా అని అధ్యక్షుడు అడిగాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

పద్ధతి కాదని తెలిసీ, ఆ కోపంలోనే తాతయ్యకి ఉత్తరం రాసి పడేసింది. మీ ఫిర్యాదులు అర్థం లేనివి, ఇకపై తీసుకోము అని.

మూడో రోజున తాతయ్య ఆఫీసుకే వచ్చాడు. చేతిలో ఆ ఉత్తరం తప్ప ఇంకేమీ లేదు. రెండు నిమిషాలు మాట్లాడాలంటున్నాడని అటెండరు వచ్చి చెప్పాడు.

"లేనని చెప్పు," అంది.

చెప్పిందే గానీ, తలుపు సందులోంచి చూస్తూనే ఉంది. మధ్యాహ్నందాకా ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. ఏం చెబుతాడో విందామని ఆమె ఒకసారి లేవబోయింది. మళ్ళీ మూతల పురాణమేగా అనుకుని కూర్చుండిపోయింది. తర్వాత చూస్తే బెంచీ ఖాళీ.

మరుసటి నెల కాగితం రాలేదు. ఆపై నెలా రాలేదు. మూడో నెలా అంతే.

వరసగా మూడు నెలలు ఫిర్యాదు లేని వీధిని కౌన్సిల్ పచ్చ జాబితాలో వేస్తుంది. ఇక ఇన్‌స్పెక్టరు అటు వెళ్ళనక్కర్లేదు. ఆ జాబితాని అందరూ చూసేలా గోడకి అంటిస్తారు. షెడ్డు యజమానీ చూసుకున్నాడు.

సోమవారం జాబితా అంటించారు. గురువారానికి బడిలోని తొమ్మిది మంది పిల్లలు కళ్ళ మంటలతో, ఊపిరాడక ఆసుపత్రిలో పడ్డారు. కాలువ నిండా పసుపుపచ్చ నురగ.

పిల్లలు బతికారు. ఇద్దరికి మాత్రం దగ్గు ఎంతకీ తగ్గలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ పరుగున తాతయ్య ఇంటికి వెళ్ళింది. తాళం వేసి ఉంది. ఆయన చనిపోయి నెల దాటిందని పక్కింటావిడ చెప్పింది.

"ఇక్కడ ఇళ్ళన్నీ దాదాపు ఆ షెడ్డాయనవే మేడమ్. అద్దెకుండేవాళ్ళం, నోరెత్తలేం. తాతగారిదొక్కటే సొంతిల్లు. షెడ్డు మీద రాస్తే ఒకసారొచ్చి, శుభ్రంగా ఉందని రాసుకుపోతారు, మళ్ళీ అదే రాస్తే తీసుకోరు, నెలకో మూత మీద రాస్తే నెలనెలా వస్తారు అనేవాడు. మీరెప్పుడొస్తారో తెలీక ఆ షెడ్డువాడు ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాడు."

"నాతో ఒక్క మాట చెప్పుండొచ్చుగా?"

"చెబుదామనే ఆ రోజు మీ ఆఫీసుకి వచ్చాడు మేడమ్."

ఆయన ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యాడని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది. ఎప్పుడూ చెప్పలేదు, అడిగితే మాట మార్చేసేవాడు అంది పక్కింటావిడ.

కమిటీ మళ్ళీ కూర్చుంది. తాతయ్య నోరు నొక్కింది నేనేనని ఆమె నిలబడి చెప్పింది. అధ్యక్షుడు ఒంటికాలి మీద లేచాడు. ఆమె సంగతి తర్వాత చూద్దాం, మూడు నెలలు ఫిర్యాదు లేకపోతే తనిఖీ ఎత్తేయమని రాసిన ఆ మహానుభావుడెవరో ముందు తేల్చమన్నాడు.

ఆ పనీ ఆమె నెత్తినే పడింది. రికార్డు గదిలో రెండు రోజులు దుమ్ములో మునిగితే, ఇరవై ఏళ్ళ నాటి ఉత్తర్వు దొరికింది.

దాని అడుగున అప్పటి తనిఖీ అధికారి సంతకం ఉంది, మెలికలు తిరిగి, కింద రెండు చుక్కలతో.